24 మీటర్ల చెయ్యి, 15 సెంటీమీటర్ల నారి

అరవై సెంటీమీటర్ల పైచిలుకు పొడవున్న ఉక్కు బద్ద. మధ్యలో సెంటీమీటరున్నర మందం, కొసలకు పోయేకొద్దీ సన్నం. అవిసె నారతోనో జనపనారతోనో పేనిన లావుపాటి తాడు దాని రెండు కొసలనూ కలుపుతూ ఉంటుంది. ఆ తాడును 15 సెంటీమీటర్లు వెనక్కి లాగి ఒక కొక్కేనికి తగిలించాలి. అందుకు కావలసిన బలం మాత్రం 500 కిలోల బరువును నేల మీంచి లేపేంత. ఎంతటి వస్తాదుకైనా ఉత్త చేతులతో అయ్యే పని కాదు. అయినా 15, 16 శతాబ్దాల్లో జర్మన్ దేశాల జమీందార్లు, రాజులు గుర్రం మీద కూర్చునే ఈ పని చేసేవాళ్లు. పెద్దగా ఆయాసపడేవాళ్లు కూడా కాదు. వాళ్ల నడుముకు వేలాడే ఇనుప పరికరం ఒకటి ఆ బలాన్ని పుట్టించేది. దాని పేరు క్రానెకిన్.

వేటకు వాడిన ఆ జర్మన్ క్రాస్‌బౌలు ఇప్పుడు డ్రెస్డెన్ ఆయుధాగారంలో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, ఇంకా ఎన్నో చోట్ల అద్దాల వెనక ఉన్నాయి. చూసేవాళ్ల కన్ను ముందు వాటి నగిషీ మీద పడుతుంది. తెల్లని కొమ్ము పలకల మీద చెక్కిన జింకలు, వేటకుక్కలు, లతలు. విల్లును దూలానికి బిగించిన చోట రంగు ఉన్ని కుచ్చులు. కాని పక్కనే, చాలాసార్లు విడిగా పెట్టి ఉండే పళ్ల బద్ద, గుండ్రని డబ్బా, పొడవాటి పిడి కలిసిన ఆ యంత్రమే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. చెరకు రసం బండ్లను రోజూ చూసే అనకాపల్లి వాళ్లకు దాని లోపలి సంగతి అర్థం కావడం కష్టమేమీ కాదు.

క్రాస్‌బౌ అంటే మామూలు విల్లును అడ్డంగా పడుకోబెట్టి, ఒక దూలం ముందు కొసన బిగించినది. చేతి విల్లులో నారి లాగి పట్టుకునేది మన కండరం. గురి కుదిరేదాకా బరువంతా చేతి మీదే ఉంటుంది, చెయ్యి వణుకుతుంది. క్రాస్‌బౌలో నారిని ఒకసారి లాగి తగిలిస్తే ఇక మనిషికి బరువు లేదు. నిమిషాల తరబడి గురి చూడవచ్చు. ఈ ఆలోచన యూరప్ వాళ్లదే కాదు. చైనాలో క్రీస్తు పుట్టుకకు ముందే కంచుతో పోతపోసిన మీటలుండేవి. మొదటి చక్రవర్తి సమాధి దగ్గరి మట్టి సైనికులతో పాటు అవీ బయటపడ్డాయి. అండమాన్ దీవులకు దక్షిణాన ఉండే నికోబారీలు కూడా చెక్కతో చేసిన క్రాస్‌బౌతో వేటాడినవాళ్లే.

జర్మన్ క్రాస్‌బౌలో నారిని పట్టి ఉంచేది ఒక చిన్న గుండు. తరిణె పట్టిన దుప్పి కొమ్ము గుండ్రటి ముక్క, మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ వ్యాసం. పైభాగంలో రెండు కొమ్ముల్లా లేచిన పళ్లు నారిని వెనక నుంచి పట్టుకుంటాయి. ఆ రెండు పళ్ల మధ్య గాడిలో బాణం మడమ కూర్చుంటుంది. గుండు అడుగున ఒక గంటు. మీట కొస అందులో దిగి గుండు తిరగకుండా ఆపుతుంది. మీట నొక్కగానే ఆ కొస గంటులోంచి జారుతుంది, గుండు గిర్రున ముందుకు తిరుగుతుంది, నారి విడిపోతుంది. అయిదు క్వింటాళ్ల బలమంతా మోసేది ఆ రెండు కొమ్ము పళ్లే. ఇనుముతో చెయ్యకుండా కొమ్ముతో ఎందుకు చేశారంటే, దుప్పి కొమ్ము ఎముక జాతిదే అయినా ఎముకకన్నా అందులో ఖనిజం పాలు తక్కువ, పీచు పాలు ఎక్కువ. మగ దుప్పులు ఢీకొన్నప్పుడు పగలకుండా నిలవడానికి ప్రకృతి దిద్దిన పదార్థం అది. హఠాత్తుగా తగిలే దెబ్బను ఇముడ్చుకుంటుంది, తాడును కొయ్యదు. మీట కొస రాపిడి పడే గంటు దగ్గర మాత్రం పనివాళ్లు చిన్న ఉక్కు ముక్క పొదిగేవాళ్లు. ఏ పదార్థం ఎక్కడ నిలుస్తుందో ఎరిగిన చేతులవి.

16వ శతాబ్దం వేట క్రాస్‌బౌల్లో మీట దగ్గర ఇంకో నేర్పు కనిపిస్తుంది. ఒకే మీటైతే అంత బలాన్ని విడిపించడానికి గట్టిగా నొక్కాలి, నొక్కుతుంటే గురి కదులుతుంది. అందుకని ఒకదానికొకటి ఆనుకున్న నాలుగైదు చిన్న మీటలు దూలం పొట్టలో అమర్చారు. ప్రతి మీటా తన మీద పడ్డ బలాన్ని తగ్గించి తర్వాతదానికి అప్పగిస్తుంది. చివరి మీట దగ్గరికి వచ్చేసరికి వేలు అలా తగిలితే చాలు. బాణం కూడా చేతి విల్లు బాణంలా ఉండదు. పొట్టిది, లావుది, ఈకలో పలచటి చెక్క రెక్కలో రెండే ఉంటాయి. మూడోది పెడితే అది దూలానికి రాసుకుంటుంది.

ఇక నారి లాగడం. మొదట్లో విల్లు ముందున్న ఇనుప రికాబులో కాలు పెట్టి, నడుము పట్టీకి ఉన్న కొక్కేన్ని నారికి తగిలించి, వంగినవాడు నిటారుగా లేచేవాడు. తర్వాత మేకకాలు అని పిలిచే మీట వచ్చింది. అది బలాన్ని అయిదు రెట్లు చేస్తుందని లెక్క. ఆపైన కప్పీలు, తాళ్లు, రెండు చేతి పిడులు ఉన్న విండ్‌లాస్: సుమారు 45 రెట్లు. కోట గోడల మీద నిలబడి కొట్టే సైనికులు దాన్ని వాడారు. అయితే దాని తాళ్లు చిక్కుపడతాయి, పైగా విల్లును నేలకు ఆనించి రెండు చేతులతో తిప్పాలి. గుర్రం మీద కుదరదు. 15వ శతాబ్దంలో బాగా వ్యాపించిన క్రానెకిన్‌లో అసలు తాళ్ల బెడదే లేదు. దాని గుణకం 145 దాకా ఉంటుందని సాధారణంగా చెప్పే లెక్క.

ఇక్కడే మన చెరకు రసం బండి దగ్గర కాసేపు నిలబడాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశమంతా ఎరిగినది. చెరకు మీద పరిశోధనకు 1913 నుంచీ ఇక్కడొక కేంద్రం ఉంది. ఇంటికి వచ్చిన చుట్టానికి చెరకు రసం ఇప్పించని వాళ్లు ఈ ఊళ్లో ఉండరు. చేత్తో తిప్పే పాత బండిని ఒకసారి పక్కనుంచి చూడండి. పిడి ఉన్న ఇరుసు మీద చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. పిడి నాలుగైదు చుట్లు తిరిగితే గాని రోలరు ఒక్క చుట్టు తిరగదు. ఆ నెమ్మదిలోనే రోలరుకు చెరకు గడను పిప్పి చేసే బలం వస్తుంది. క్రానెకిన్ గుండ్రని డబ్బా మూత తీస్తే లోపల కనిపించేది సరిగ్గా ఇదే. పిడి ఇరుసుకు మూడు నాలుగు పళ్ల చిన్న చక్రం, అది తిప్పే పెద్ద చక్రం. పెద్ద చక్రం ఇరుసు మీద మళ్లీ ఒక చిన్న చక్రం. ఈ రెండో చిన్న చక్రం రోలరుకు బదులు ఒక పొడవాటి ఇనుప పళ్ల బద్దను పట్టుకుని లాగుతుంది. తిరుగుడు కాస్తా తిన్నని లాగుడుగా మారుతుంది. బరువు బండ్లను, ఫిరంగులను లేపడానికి అప్పటి యూరప్‌లో వాడిన జాకీల్లో ఉన్నదీ ఇదే అమరిక.

వాడే తీరు ఇలా ఉంటుంది. క్రానెకిన్ డబ్బాకు మందపాటి తాడు ఉంగరం ఒకటి కట్టి ఉంటుంది. ఆ ఉంగరాన్ని క్రాస్‌బౌ దూలం వెనక కొసనుంచి తొడిగి, దూలానికి అడ్డంగా పొడుచుకువచ్చిన ఇనుప చీలల దాకా తోస్తారు. లాగేటప్పుడు యంత్రం ముందుకు జారిపోకుండా ఆపేవి ఆ చీలలే. పళ్ల బద్ద ముందు కొసనున్న జంట కొక్కేలను నారికి తగిలిస్తారు. ఇక పిడి తిప్పడమే. టక టక మంటూ పళ్లు ఒక్కొక్కటీ దాటుతుంటే నారి అంగుళం అంగుళంగా వెనక్కి వచ్చి కొమ్ము గుండు పళ్లలో పడుతుంది. పిడిని కాస్త వెనక్కి తిప్పి, కొక్కేలు వదులు చేసి, యంత్రాన్ని ఊడదీసి నడుముకు తగిలించుకుంటారు. ఆ తర్వాతే బాణం పెడతారు.

ఒక లెక్క వేద్దాం. పిడి పొడవు 20 సెంటీమీటర్లు అనుకుందాం. పిడి అయిదు చుట్లు తిరిగితే పెద్ద చక్రం ఒక చుట్టు. దాని ఇరుసు మీది చిన్న చక్రానికి నాలుగు పళ్లు, పళ్ల బద్ద మీద పంటికీ పంటికీ మధ్య ఒక సెంటీమీటరు. అంటే పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే బద్ద 4 సెంటీమీటర్లు కదులుతుంది. పిడి ఒక చుట్టుకు కదిలేది 8 మిల్లీమీటర్లే. ఆ ఒక్క చుట్టులో పిడి పట్టుకున్న చెయ్యి తిరిగిన దూరం 126 సెంటీమీటర్లు. 126ని 0.8తో భాగిస్తే 157 వస్తుంది. 500 కిలోలను 157తో భాగిస్తే మూడు కిలోల పైచిలుకు. పళ్ల రాపిడికి చాలానే పోతుంది కాబట్టి ఆరేడు కిలోలనుకోండి. పన్నెండేళ్ల పిల్లవాడు తిప్పగలడు.

కాని నారి 15 సెంటీమీటర్లు రావాలంటే పిడి దాదాపు 19 చుట్లు తిరగాలి. చెయ్యి తిరిగిన మొత్తం దూరం 24 మీటర్లకు దగ్గర. యంత్రం బలాన్ని సృష్టించదు, దూరం తీసుకుని బలం ఇస్తుంది. ఎన్ని రెట్లు బలం కావాలో అన్ని రెట్లు దూరం నడవాల్సిందే, దూరమంటే సమయం. క్రానెకిన్‌తో ఒకసారి నారి ఎక్కించడానికి అర నిమిషం పైనే పట్టేది. ఇనుప పళ్ల వరసను అరిచేతిలో పట్టే డబ్బాలో ఇమిడ్చి, 500 కిలోలకు విరగకుండా, ఆకురాయితో ఒక్కొక్క పన్నూ చేత్తో దిద్దిన పనివాళ్ల నైపుణ్యం నాకు నగిషీకన్నా గొప్పగా తోస్తుంది. పళ్లలో ఒక్కటి హెచ్చుతగ్గుగా ఉన్నా ఆ ఒక్కదాని మీదే బరువంతా పడి విరిగిపోతుంది.

ఇంత కష్టపడి నింపిన శక్తిలో బాణానికి దక్కేదెంత? బలం సున్నా నుంచి 500 కిలోల దాకా సమంగా పెరిగిందనుకుంటే, 15 సెంటీమీటర్ల లాగుడులో విల్లులో చేరే శక్తి సుమారు 370 జౌళ్లు. 80 గ్రాముల బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో బయలుదేరితే దానిలో ఉండేది 100 జౌళ్లు. అంటే పావు వంతుకు కొంచెం ఎక్కువ. మిగతాది ఎక్కడికి పోయిందంటే, ఉక్కు బద్ద తన్ను తాను కదిలించుకోవడానికే ఖర్చయింది. వంగిన బద్ద నిటారు కావాలంటే ముందు దాని బరువైన కొసలు ముందుకు ఉరకాలి, వాటితో పాటు లావుపాటి నారి. కిలోకు కిలో చూస్తే ఉక్కు దాచుకోగల శక్తి కొమ్ము, నరాల కన్నా తక్కువ. పైగా గట్టిది కాబట్టి ఎక్కువ వంగదు. అందుకే ఆ పొట్టి లాగుడు. ఉక్కు రాకముందు యూరప్ క్రాస్‌బౌ విల్లులు పశువుల కొమ్ము, నరాలు, చెక్క కలిపి అతికించి చేసినవే. వుర్టెంబెర్గ్ ప్రభువు అయిదో ఉల్రిక్ కోసం 1460లో తయారై, ఇప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ప్రసిద్ధ క్రాస్‌బౌ అలాంటిదే. అది హైన్రిక్ హైడ్ ఫన్ వింటర్‌తుర్ పనితనం కావచ్చంటారు. గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసెక్కి విరిగే భయం ఉండటంతో, ఉక్కు వచ్చాక కూడా కొమ్ము విల్లులు చాలాకాలం నిలిచాయి. అలాగని ఉక్కు విల్లును తీసిపారేయలేం. 1903లో క్రాస్‌బౌ మీద పెద్ద పుస్తకం రాసిన ఇంగ్లండు వాడు రాల్ఫ్ పేన్‌గాల్వే, 540 కిలోల లాగుడున్న పాత ఉక్కు క్రాస్‌బౌతో మెనాయ్ జలసంధికి ఇవతలి ఒడ్డునుంచి అవతలి ఒడ్డుకు, సుమారు 400 మీటర్లు, బాణం వేసి చూపాడు.

ఇప్పుడు మన కొండల్లోకి వద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది. కృష్ణదేవిపేట ఇప్పుడు అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో ఉంది; సీతారామరాజు సమాధి అక్కడే. మన్యం వాళ్లకు విల్లంబులు తెలియనివి కావు. అయినా ఆ మూడు రోజుల్లో దళం ఏరికోరి పట్టుకెళ్లింది తుపాకులను, 26 తుపాకులు. ఎందుకో విల్లు లెక్క వేస్తే తెలుస్తుంది. 20 కిలోల లాగుడున్న వెదురు విల్లును 45 సెంటీమీటర్లు లాగితే చేరే శక్తి 44 జౌళ్లు. వెదురు తేలిక కాబట్టి అందులో సగానికి పైగా బాణానికే దక్కుతుంది: 25 జౌళ్లనుకుందాం. తుపాకి గుండు ముందు అది చాలా చిన్న అంకె. కాని జర్మన్ క్రాస్‌బౌ పక్కన పెట్టి చూస్తే? బలం దానిలో ఇరవై అయిదో వంతు, బాణంలో శక్తి మాత్రం నాలుగో వంతు. పైగా ఒక క్రానెకిన్ తిప్పే లోపల కొండ వేటగాడు అయిదారు బాణాలు వదలగలడు. యంత్రం లేదు, ఇనుము బాణం మొనకే. పొడవైన లాగుడు, తేలికైన బద్ద అనే రెండు సూత్రాలను వెదురు గడ తనలోనే పెట్టుకుని పుట్టింది. వాటిని వాడుకోవడం కొండవాళ్లు తరతరాలుగా నేర్చారు. దీన్ని అనాగరికపు పరికరమని రాసిన పాత దొరల పుస్తకాలు భౌతికశాస్త్రం దగ్గర ఓడిపోతాయి.

అంత నెమ్మదైన జర్మన్ క్రాస్‌బౌ వేటలో ఎలా నెగ్గుకొచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. యుద్ధంలో తుపాకి దాన్ని తొందరగానే తరిమేసింది. వేటలో మాత్రం 17వ శతాబ్దంలోకి కూడా నిలిచింది. తుపాకి మోతకు అడవంతా బెదురుతుంది, వత్తి వాసన జంతువు పసిగడుతుంది, మందు వానకు తడుస్తుంది. క్రాస్‌బౌకు పొగ లేదు, నిప్పు లేదు. పైగా వేటాడే ప్రభువుకు సమయానికి కొదవ లేదు. లూకాస్ క్రానాఖ్ 1529లో గీసిన దుప్పుల వేట చిత్రం వియన్నాలోని కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఉంది. అందులో సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్, మాక్సిమిలియన్ చక్రవర్తి క్రాస్‌బౌలు పట్టుకుని పొదల చాటున ఉంటారు. చిత్రం గీసేనాటికి ఇద్దరూ చనిపోయారు. కుక్కలు తరమగా దుప్పుల మంద నీళ్లలో పడి ఈదుతుంటుంది. తప్పించుకునే దారి లేని జంతువు వచ్చి తన ఎదుట నిలిచేదాకా ఆగగలిగినవాడి చేతిలో అర నిమిషం ఆలస్యానికి విలువ లేదు. ఆ వేటను ఈనాటి కళ్లతో చూస్తే కడుపులో తిప్పుతుంది. అయినా ఆ ఆయుధం రూపు ఎందుకలా ఉందో ఆ చిత్రమే చెబుతుంది.

నగిషీకి కారణం కూడా అదే. అది యుద్ధ సామగ్రి కాదు, అంతస్తు చూపే వస్తువు. దూలం చెక్కది, దాని మీద దుప్పి కొమ్ము పలకలు అతికేవాళ్లు. కొమ్ము లోపల గుల్లగా ఉంటుంది, పైపొర మాత్రమే పనికొస్తుంది. అదీ వంకర. కాబట్టి పెద్ద పలకలు రావు. చిన్న చిన్న ముక్కలు కోసి, వంపు చదును చేసి, అతుకు కనిపించకుండా పక్కపక్కన పేర్చాలి. ఆ తర్వాత సన్నని ఉలితో బొమ్మ చెక్కి, గీతల్లో నల్లని రంగు నింపి, పైన మిగిలింది గీకి నున్న చేస్తే తెల్లటి నేల మీద నల్లటి గీత నిలుస్తుంది. క్రానెకిన్ డబ్బా మీద ఆమ్లంతో ఇనుమును తినిపించి లతలు తీర్చి, బంగారు పూత పూసినవీ ఉన్నాయి.

ఈ తెల్ల నేల, నల్ల గీత పని మనకు పరాయిది కాదు. అనకాపల్లి 2022 దాకా విశాఖపట్నం జిల్లాలోదే. 18వ శతాబ్దంలో విశాఖ కంసాలులు ఈస్టిండియా కంపెనీ దొరల కోసం కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేసి, వాటి మీద ఏనుగు దంతం పలకలు అతికి, లతలూ భవనాలూ చెక్కి, గీతల్లో నల్లని లక్క కరిగించి నింపేవాళ్లు. 1756లో ఇక్కడికి వచ్చిన బ్రిటిష్ సైనికాధికారి జాన్ కార్నీల్ ఈ దంతపు పనిని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. తర్వాతి కాలంలో గంధపు చెక్క పెట్టెల మీద దుప్పి కొమ్ము, గేదె కొమ్ము, ముళ్లపంది ముళ్లు కూడా వాడారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పని నమూనాలు మంచివి ఉన్నాయి. జర్మన్ పనివాళ్లకూ వీళ్లకూ సంబంధం ఉందనడానికి నేను సాహసించను. పదార్థమే ఇద్దరికీ ఆ దారి చూపి ఉంటుంది. దంతమైనా కొమ్మైనా సన్నని గీతను చక్కగా పట్టుకుంటుంది. ఆ గీతలో నింపిన నలుపు తెల్ల నేల మీద స్పష్టంగా కనిపిస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం, ఆ తర్వాతి సవరణలు వచ్చాక దంతం, దుప్పి కొమ్ము వ్యాపారం ఆగింది, ఆగాల్సిందే. ఆ లక్క విద్య మాత్రం ఈ జిల్లాలోనే ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల మీద రంగురంగులుగా బతికి ఉంది.

మ్యూజియాల్లోని పాత క్రాస్‌బౌల నారి ఇప్పుడెవరూ ఎక్కించరు. ఆనాటి ఉక్కులో కిట్టం చారలు మిగిలిపోయేవి; వాటి దగ్గరే పగులు మొదలవుతుంది. అందుకే పరిశోధకులు అచ్చం అలాంటివే కొత్తగా చేయించి పరీక్షిస్తారు. మన కొండ విల్లుల మీద అలాంటి పరీక్ష చేయడానికి అంత ఖర్చు అక్కర్లేదు. నర్సీపట్నంలోనో చోడవరంలోనో ఒక హైస్కూలు భౌతికశాస్త్రం మాస్టారు తలుచుకుంటే చాలు. విల్లు చేసిన పెద్దాయన్నే పిలిచి, నడిమి పట్టును గోడకు బిగించి, నారికి స్ప్రింగు త్రాసు తగిలించి, ప్రతి అయిదు సెంటీమీటర్లకూ బలం ఎంతో రాసుకోవాలి. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే, ఆ గీత కింద ఉన్న వైశాల్యమే విల్లులో చేరిన శక్తి. ఆ పెద్దాయన మామూలుగా లాగే దూరం దాటించకూడదు. లాగిన నారిని మెల్లగా వెనక్కి తేవాలే తప్ప బాణం లేకుండా ఒక్కసారిగా వదలకూడదు. బాణానికి పోవలసిన శక్తికి వేరే దారి లేక విల్లు మీదే విరుచుకుపడుతుంది.